సీలేరు దారిలో ముందు నడిచిన మనిషి

భద్రాచలం,
11 ఫిబ్రవరి 1979

అక్కకు నమస్కారాలు.

కొత్తగూడెంలో క్వార్టరుకు తాళం వేసి, వంతెన మీదుగా నిన్న సాయంత్రం ఇక్కడికి చేరాను. రాముల వారి దర్శనం అయింది. నీ పేరా, బావ పేరా అర్చన కూడా చేయించాను. కాబట్టి ఇకమీద రాసేది కోపం లేకుండా చదువు.

దర్శనం అయ్యాక బస్సెక్కి ఇల్లందు వస్తానని చెప్పాను కదా, రావడం లేదు. రేపు తెల్లవారగానే గోదావరి ఒడ్డున కూనవరం వైపు నడక మొదలుపెడుతున్నాను. అక్కడ శబరి కలుస్తుంది. ఆ శబరి పక్కనే చింతూరు పోయి, తూర్పుకు తిరిగి కొండలెక్కుతాను. మోతుగూడెం, డొంకరాయి, సీలేరు, ఆ పైన ధారకొండ. అటు దిగితే నర్సీపట్నం, సముద్రం వైపు మైదానం. బస్సు రోడ్డున కాకుండా, కొండ ఊళ్ల వాళ్లు నడిచే కాలిబాటల్లోనే పోవాలని ఉంది. వానలు పడేలోపు దిగాలి. సెలవు పెట్టే వచ్చాను.

ఎందుకు అని అడుగుతావు. గని లోపల సర్వే చేస్తూ నా సగం వయసు గడిచింది. లోపల ఏ దారి ఎటు తిరగాలో నేనే గీస్తాను. గీసిన చోటికే మనుషులు తవ్వుకుంటూ పోతారు. ఒక మలుపు తిరిగితే అవతల ఏముందో నాకు ముందే తెలియని చోట కొన్నాళ్లు నడవాలనిపించింది. నీ మరదలు పోయాక ఇంట్లో నన్ను ఆపేవాళ్లు కూడా లేరు. ఇంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు.

చింతూరు పోస్ట్‌మాస్టరు కేరాఫ్‌కు ఉత్తరం రాయి.

నీ తమ్ముడు
సారంగపాణి

*

ఇల్లందు,
17 ఫిబ్రవరి 1979

చిరంజీవి సారంగపాణిని అక్క వెంకమ్మ ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం చదివి మీ బావ, "వానికి మతి గిట్ల పోయిందా? దేవుని దగ్గరికి పోయినోడు దండం పెట్టుకొని ఇంటికి రావాలె గని, కొండలు పట్టుకొని తిరుగుడేంది?" అన్నాడు. నేనూ అదే అన్నాను. అన్నాక మళ్లీ చదివాను. కోపం ఉంది కాని, దానికంటే ఎక్కువగా ఇంకేదో ఉంది. నువ్వు అక్కడ పొద్దున లేచి ఏం తింటావు? ఎవరి ఇంట్లో పడుకుంటావు? వాళ్ల మాట నీకు తెలుస్తుందా? కొండ దూరం నుంచి నీలంగా ఉంటుంది కదా, దగ్గరికి పోతే ఏ రంగు? నేను ఇల్లందు, కొత్తగూడెం తప్ప ఏం చూశాను? సినిమాలో చూసిన కొండలు లెక్కలోకి రావు.

మా క్వార్టర్ల లైనులో అందరికీ ఈ సంగతి తెలిసిపోయింది. తెలిసిపోయిందేముంది, నేనే చెప్పాను. సాయంత్రం అరుగు మీద కూర్చుని నీ ఉత్తరం గట్టిగా చదివాను. వెనక లైనులో ల్యాంప్‌రూం పిచ్చయ్య అని ఉన్నాడు. డ్యూటీకి దిగేవాళ్లకు దీపాలు అందించే పని అతనిది. మనిషి మంచివాడు, మాట తక్కువ. అతను కూడా వచ్చి విని, "కొండల్ల రాయి ఎట్లుంటదో రాయమనమ్మా సారును. నల్లదా, తెల్లదా, ఏదైనా దెబ్బకు పలుకుతదా" అన్నాడు. అందరూ పులుల సంగతి అడుగుతుంటే ఇతను రాయి సంగతి అడిగాడు. మరిచిపోకుండా రాయి.

పులి సంగతి కూడా రాయి.

వెంకమ్మ

*

చింతూరు,
2 మార్చి 1979

అక్కకు,

పులి కనపడలేదు. అడవిదున్నల అడుగులు మాత్రం తడి ఇసుకలో చూశాను, మన ఇంటి పళ్లెమంత ఉన్నాయి. ఆ రోజు మామూలు కంటే వేగంగా నడిచాను.

కొండ దగ్గరికి పోతే నీలం ఉండదు. ఇప్పుడు ఆకు రాలే కాలం కాబట్టి గోధుమ రంగు, మధ్యలో మోదుగు పూల ఎరుపు. కూనవరం దగ్గర శబరి నీళ్లు పచ్చగా, గోదావరి నీళ్లు బూడిదరంగుగా, కలిసిన తరువాత కూడా చాలా దూరం పక్కపక్కనే వేరుగా పోతాయి. ఒడ్డున కూర్చుని అవి ఎక్కడ కలుస్తాయా అని చూస్తూ సగం పూట పోగొట్టుకున్నాను. ఏ ఊరికి పోయినా ముందు నీళ్లిస్తున్నారు, తరువాత పేరు అడుగుతున్నారు. కోయ ఊళ్లలో మాట సగమే తెలుస్తుంది. కొండరెడ్ల ఊళ్లలో తెలుగే మాట్లాడతారు. తిండికి జొన్నంబలి, చింతపండు చారు.

పిచ్చయ్యకు చెప్పు. ఇక్కడిది నల్లరాయి, తెల్లచార ఉంది. దెబ్బకు పలుకుతుంది.

రాయి సంగతి వచ్చింది కాబట్టి ఒక వింత చెబుతాను. శబరి పక్కన ఒక ఊళ్లో నేను దిగిన ఇంటావిడ జొన్నలు విసురుతోంది. ఆ తిరగలి రాయికి కొత్తగా కక్కు కొట్టి ఉంది. (రాయి అరిగి నున్నబడితే గింజ నలగదు, ఉలితో మళ్లీ గాట్లు పెట్టాలి. నీకు తెలియనిదేం కాదు, మీ లైనులో పిల్లలకు తెలియకపోవచ్చు.) మామూలుగా గాట్లు నడిమి కన్నం నుంచి అంచుకు నేరుగా ఉంటాయి. ఇవి ఒంపు తిరిగి ఉన్నాయి, సుడిలో నీళ్లు తిరిగినట్టు. చాలా అందంగా ఉన్నాయి. ఎవరు కొట్టారు అంటే, "ఉలమ్మ" అంది. ఉలి పట్టుకుని వస్తుంది కాబట్టి ఉలమ్మ. అసలు పేరు ఎవరికీ తెలియదు.

తరువాత ఊళ్లోనూ అవే గాట్లు. ఆ తరువాత ఊళ్లోనూ అంతే. ప్రతిచోటా ఆమె నాకంటే ముందే వచ్చి పోయింది. నలుపు చీర, నెత్తిన గోనెసంచి, చేతిలో కర్ర, ఒక్కతే. ఎక్కడి మనిషి అంటే ఒకరు పడమర అంటారు, ఒకరు గోదావరి అవతల అంటారు. ఏ దారిన పోయింది అంటే మాత్రం అందరూ ఒకవైపే చెయ్యి చూపిస్తారు. నేను పోవాల్సిన వైపే.

ఇన్నాళ్లూ కొండలు చూడాలని నడిచాను. ఇప్పుడు ఈ మనిషిని చూడాలని కూడా నడుస్తున్నాను. ఇకమీద ఉత్తరం మోతుగూడెం పోస్టాఫీసుకు రాయి.

సారంగపాణి

*

ఇల్లందు,
9 మార్చి 1979

చిరంజీవి సారంగపాణికి,

నువ్వు మమ్మల్ని నిలవనీయడం లేదు. నీ ఉత్తరం వచ్చిన సాయంత్రం అరుగు చాలక జనం వీధిలో నిలబడ్డారు. నీళ్ల పంపు దగ్గర ఇదే మాట. ఆమె సన్యాసిని అని ఒకరు, మొగుడు తరిమేసి ఉంటాడని ఒకరు, ఇంట్లో నుంచి పారిపోయిన జమీందారు బిడ్డ అని మా పక్కింటావిడ. జమీందారు బిడ్డకు కక్కు కొట్టడం ఎవరు నేర్పారు అంటే బిందె ఎత్తుకుని ఇంటికి పోయింది.

అది కాదు అసలు సంగతి. గాట్లు సుడి తిరిగి ఉన్నాయని చదివాను కదా, మూలన కూర్చున్న పిచ్చయ్య గోడ పట్టుకుని లేచాడు. "అమ్మా, ఆ ముక్క మళ్ల చదువుండ్రి" అన్నాడు. చదివాను. "సుడి ఎటుమొకాన తిరిగింది? గడియారం తిరిగినట్టా, దానికి ఎదురా?" అన్నాడు. ఉత్తరంలో లేదయ్యా అన్నాను. "అడుగుండ్రి. జల్దీ రాయుండ్రి" అన్నాడు. ఎందుకని అడిగేలోపే, పోసిన చాయ కూడా తాగకుండా పోయాడు.

ఆ మనిషి ఇంత మాట్లాడటం నేను చూడలేదు. కాబట్టి నువ్వు ముందు ఆ గాట్లు ఎటు తిరిగాయో చూసి, ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి నుంచే రాయి. మిగతావి తరువాత.

వెంకమ్మ

*

మోతుగూడెం పైన, కొండ మీద ఊరు,
21 మార్చి 1979

అక్కకు,

గడియారానికి ఎదురు. ఈ ఊళ్లో ప్రతి తిరగలి మీదా చూశాను, ఒక్కటి కూడా తప్పలేదు.

నేను దిగింది గోపాలు అనే కొండరెడ్డి ఇంట్లో. నా వయసువాడే. వాళ్ల తిరగలి పైరాయి ఎత్తి చూపించమంటే భార్యాభర్తలు నవ్వారు. ఇంతదూరం నడిచి వచ్చి ఎవరైనా కొండ చూస్తారు, జలపాతం చూస్తారు, తిరగలి లోపల చూస్తారా అని. గాట్లు ఎదురు తిరిగాయని నేను చెబితే గోపాలు ఆలోచించి, "అవునండి, ఆమె సుత్తి ఎడంచేత్తో పడతది. కుడిచేతికి ఉలి. మేం చూసి నవ్వుతాం, ఆమె కూడా నవ్వుద్ది" అన్నాడు.

ఇంకొన్ని సంగతులు తెలిశాయి. పని మొదలుపెట్టే ముందు రాతికి చెవి ఆనించి వేళ్లతో కొడుతుందట. లోపల పగులు ఉంటే పని చేయదు, కొత్త రాయి తెచ్చుకోమంటుంది. ఏ ఇంట్లో పని ఉంటే ఆ ఇంట్లో తిండి. వీళ్లు ఆమె కోసం ఏడాదంతా చూస్తారు. వానలు తగ్గాక కింది ఊళ్లలో మొదలుపెట్టి, ఎండలకు కొండ మీదికి చేరుతుందట. ఇప్పుడు డొంకరాయి వైపు ఎక్కిందని చెప్పారు.

ఈ ఊరు బాగుంది. ఇప్పపూలు రాలుతున్నాయి, ఊరంతా తీపి వాసన. ఇంకొన్ని రోజులు ఇక్కడే ఉంటాను. నాకు తొందర లేదు. గోపాలు కింది పోస్టాఫీసుకు పోయి ఉత్తరాలు తెచ్చి పెడుతున్నాడు.

పిచ్చయ్య ఎందుకు అడిగాడో రాయి. నాకు ఊరికే ఉండబుద్ధి కావడం లేదు.

సారంగపాణి

*

ఇల్లందు,
30 మార్చి 1979

చిరంజీవి సారంగపాణికి,

ముందు నీ సంగతి. ఆ మనిషిని పట్టుకోవాలని పరుగులు పెట్టినవాడివి, ఇప్పపూల వాసనకు ఆగిపోయావా? ఉత్తరాలు తేవడానికి గోపాలు పోతున్నాడు, నువ్వెందుకు పోవడం లేదు? పడ్డావు కదూ? ఎక్కడ దెబ్బ తగిలిందో నిజం రాయి.

ఇక పిచ్చయ్య సంగతి. నీ ఉత్తరం ఈసారి అరుగు మీద చదవలేదు. అతన్ని పిలిచి ఇంట్లో కూర్చోబెట్టి చదివాను. గడియారానికి ఎదురు అనగానే మొహం తిప్పుకున్నాడు. అటే తిరిగి, "మా అక్క" అన్నాడు.

వాళ్లది చండ్రుగొండ పక్కన ఒక పల్లె. రాతిపని చేసేవాళ్లు. తల్లి పోతే అక్క ముత్తక్కే ఇతన్ని పెంచింది. ఆమెది ఎడంచేతి వాటం. తండ్రి తిట్టి కొట్టి చూసినా మారలేదట. చివరికి ఆయన, "నీ గాట్లు ఎదురు తిరుగుతయి, ఎవడు పని ఇస్తడే" అంటే, ఆమె వాటిని ఒంపు తిప్పి అందం చేసింది. పెళ్లయ్యాక మొగుడితో సీలేరు వైపు రాతి క్వారీ పనికి పోయింది. పిచ్చయ్యకు అప్పుడే గనిలో పని దొరికింది. మూడు నాలుగేండ్లకు క్వారీ నుంచి ఒకడు తిరిగొచ్చి, రాయి పేలి ముత్తక్క మొగుడు చనిపోయాడని చెప్పాడు. మరి మా అక్క అంటే, "మీ అక్క గూడ లేదు" అన్నాడట.

లేదు అంటే పోయిందనుకున్నాడు. కర్మ చేశాడు, గుండు చేయించుకున్నాడు. ఇది జరిగి పదేండ్లు దాటింది. "అక్కడ లేదు అన్నడో, అసలే లేదు అన్నడో, నేను మల్ల అడగలేదమ్మా. అడగాలనే తోచలె" అన్నాడు.

ఇప్పుడు ఒకటే అంటున్నాడు. సారును పోయి ఆమెను చూడమనండి, పిచ్చయ్య ఉన్నాడని చెప్పమనండి, వస్తే మా ఇల్లు ఆమెదే, రాకపోయినా సరే. బలవంతం చేయొద్దని మరీమరీ చెప్పాడు. అతనే ఎందుకు బయలుదేరలేదని నువ్వు అడుగుతావు. నేనూ అడిగాను. సెలవు దొరకదన్నాడు.

నువ్వు కుంటుతూ మాత్రం పోకు. కాని ఆలస్యం కూడా చేయకు. రెండూ ఎట్లా కుదురుతాయో నాకు తెలియదు.

వెంకమ్మ

*

డొంకరాయి పైన,
19 ఏప్రిల్ 1979

అక్కకు,

మోకాలు. వాగులో నాచురాయి మీద కాలు జారింది. గోపాలు భార్య ఏదో ఆకు నూరి కట్టు కట్టింది, వాపు తగ్గేదాకా గడప దాటనీయలేదు. నువ్వు కంగారు పడతావని రాయలేదు. ఇప్పుడు నడుస్తున్నాను కాబట్టి రాస్తున్నాను.

ఆమె కనపడింది.

గోపాలు నాకు తోడు వచ్చాడు. వెదురు పొదల్లో నుంచి ఎక్కి, ఒక మెరక చేరేసరికి కింద లోయలో సీలేరు సన్నగా మెరుస్తోంది. ఎదురుగా కొండల వెనక కొండలు, ఎండకు ఒకదాన్ని మించి ఒకటి పలచబడుతూ. అక్కడ నిలబడి ఊపిరి తీసుకుంటుంటే వినపడింది. టక్, టక్, టక్. కాసేపు ఆగి మళ్లీ. గోపాలు నవ్వి ముందు నడిచాడు.

ఊరి మొదట్లో పనసచెట్టు కింద కూర్చుని ఉంది. చుట్టూ తిరగళ్లు, వాటి పక్కన వాటి వాళ్లు. జుట్టు సగం నెరిసింది. బక్కపలచటి మనిషి, చేతులు మాత్రం మగవాడివి. నేను దగ్గర కూర్చుని, "అమ్మా, మీది చండ్రుగొండ పక్కనా?" అన్నాను. సుత్తి ఆగింది.

"ఎవరు పంపిన్రు నిన్ను?"

"పిచ్చయ్య."

ఆమె ఉలి కింద పెట్టి కొంగుతో మొహం తుడుచుకుంది. రాతి పొడి, చెమట. ఏడుస్తుందేమో అనుకున్నాను. "వాని గొంతు ఇంక గట్లనే గరగర ఉన్నదా? చిన్నప్పుడు చలిల తిరిగి పోగొట్టుకున్నడు" అంది. నేను పిచ్చయ్యను చూడనే లేదని, గొంతు ఎట్లా ఉంటుందో తెలియదని చెప్పాల్సి వచ్చింది. అప్పుడు నీ అరుగు, ఉత్తరాలు, గాట్లు అన్నీ మొదటి నుంచి చెప్పాను. ఊరివాళ్లు కూడా విన్నారు. అతను కర్మ చేశాడని చెప్పినప్పుడు ఆమె ఒక్కసారిగా నవ్వింది. "నాకు పిండం పెట్టిండా! పిచ్చోడు. రెండుసార్లు సంతకొచ్చిన బేరగాళ్లతోని కబురు పంపిన, ఉన్న అని. జవాబు రాలె. సంసారంల పడ్డడు, పోనీ అనుకున్న."

"కోపం రాలేదా?"

"వానికి బతుకు దొరికింది. నాకేం కోపం?"

మొగుడు పోయాక క్వారీ వదిలేసి, కడుపు కోసం ఒక ఊళ్లో తిరగలి బాగుచేసిందట. వాళ్లు పక్క ఊరికి చెప్పారట. అట్లా ఊరి తరువాత ఊరు. ఇల్లందు వస్తారా అన్నాను. ఉలి మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"చూడు నాయనా. ఇక్కడ నేనొస్తున్ననంటే ఊరు ఊరంత రాళ్లు బయట పెట్టుకొని కూసుంటరు. అక్కడికొస్తే మొగుడు పోయిన అక్క అని ఒక మూల సాప ఏస్తరు. అన్నం పెడతరు, జాలి పడతరు. వాడు మంచోడే. గందుకే రాను. నన్ను చూడబుద్ధయితే వాణ్నే రమ్మను. గిన్ని కొండలు నేనెక్కిన, వాడెక్కలేడా?"

రేపు డొంకరాయి నుంచి ఈ ఉత్తరం వేస్తాను. పిచ్చయ్యకు సెలవు ఇప్పించడానికి బావ ఎవరితోనైనా మాట్లాడగలడేమో చూడు. అతను వచ్చేదాకా నేను ఇక్కడే ఉంటాను. ముందుకు పోతే మళ్లీ ఈమె ఏ కొండ మీద ఉంటుందో ఎవరికి తెలుసు?

సారంగపాణి

*

ఇల్లందు,
28 ఏప్రిల్ 1979

చిరంజీవి సారంగపాణికి,

అతను ఎక్కలేడు.

సెలవు దొరకదన్నది అబద్ధం. పిచ్చయ్యకు కుడికాలు లేదు. నాలుగేండ్ల కింద గనిలో బొగ్గు మోసే టబ్బు బండి మీదికొచ్చి మోకాలి పైదాకా తీసేశారు. అందుకే ల్యాంప్‌రూంలో వేశారు. కర్ర మీద నడుస్తాడు. మా లైనులో అందరికీ తెలిసిన సంగతి కాబట్టి మొదట నీకు రాయాలని తోచలేదు. తరువాత రాయబోతే నా చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు. "కుంటోడయ్యిండని జాలి పడి వస్తే ఆ రాకడ నాకెందుకమ్మా? రావాలనిపిస్తే రావాలె" అన్నాడు.

ఆమె జాలి వద్దని రానంటోంది. ఇతను జాలి వద్దని చెప్పనంటున్నాడు. ఇద్దరూ ఒకే తల్లి పిల్లలని వేరే రుజువు అక్కర్లేదు.

నీ ఉత్తరం చదివాక రాత్రి అన్నం తినలేదని అతని భార్య వచ్చి చెప్పింది. "నన్ను రమ్మన్నది, రమ్మన్నది" అని అదే మాటట. నీకు చెప్పొద్దన్నాడు, నేను చెప్పాను. ఆమెకు చెప్పాలో వద్దో నాకు పాలుపోవడం లేదు. నువ్వు అక్కడ ఉన్నావు, ఆమె మొహం చూస్తున్నావు. నువ్వే ఆలోచించు.

వెంకమ్మ

*

చింతూరు,
24 మే 1979

అక్కకు,

పిచ్చయ్యను బస్సెక్కించినందుకు నీకు దండం. ఇక్కడ ఏం జరిగిందో అతను నీకు చెప్పడు, మాట తక్కువ మనిషి కదా. నేను రాస్తాను.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని ఆమె దగ్గరికి పోయాను. దారంతా ఒకసారి చెప్పాలని, ఒకసారి వద్దని. చివరికి ఏమీ చెప్పలేదు. "పిచ్చయ్య రాలేకపోతున్నాడు" అన్నాను, అంతే. ఆమె పనిచేస్తూనే, "సెలవు దొరకలేదా?" అంది. తల అడ్డంగా ఊపాను. "పెండ్లం వద్దన్నదా?" కాదన్నాను. సుత్తి పక్కన పెట్టింది.

"వాడు చిన్నప్పుడు నేను పక్క ఊరికి పోతే గూడ ఎనక ఉరికొచ్చెటోడు. నేను రమ్మంటే రానోడు కాదు. వానికి నడక పోయింది. అంతే గదా?"

నా మొహంలోనే జవాబు చూసుకుంది. లేచి పనిముట్లు గోనెసంచిలో వేసుకుంది. సగం కొట్టిన తిరగలి వాళ్లతో, "మల్ల వస్త, ఉండుండ్రి" అంది. నాతో, "నువ్వు పోస్టాఫీసు కాడ తారిచ్చి వాణ్ని చింతూరు దాక బస్సుల రమ్మను. నేను పైనుంచి దిగుత. ఒకరి ఇంటికి ఒకరం పోయినట్టు ఉండదు" అంది.

దిగుతున్నప్పుడు ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. నేను పోవాల్సిన కొండలు అటు ఉన్నాయి. తొలకరి మబ్బు అప్పుడే కమ్ముతోంది. ఈ ఏడాదికి ఇక అయిపోయిందని తెలుసు. బాధ లేదని అనను. కాని ఆమె అంత వేగంగా దిగుతుంటే వెనకబడకుండా ఉండటమే నాకు సరిపోయింది.

చింతూరులో బస్సు ఆగే చోట నిలబడ్డాం. పిచ్చయ్య దిగాడు, ముందు కర్ర, తరువాత మనిషి. నేను అతన్ని చూడటం అదే మొదలు. ఆమె కదలలేదు. అతనే కర్ర మీద దగ్గరికి వచ్చాడు.

"ఏదిరా కాలు?"

"గనిల పోయింది."

"ఎప్పుడు?"

"నాలుగేండ్లాయె."

"నాకొక్క మాట చెప్పకపోతివి."

"నువ్వు ఉన్నవని నాకేమెరుక? లేదన్నరు గదా."

"ఉన్న అని కబురు పంపిన గదరా, రెండుసార్లు!"

"ఆ కబురు రాలె అక్కా. లేదన్న కబురే వచ్చింది."

అతని గొంతు నిజంగానే గరగర. అప్పుడు ఆమె రెండు చేతులతో అతని మొహం పట్టుకుంది, రాయికి చెవి ఆనించినట్టు తల అతని ఛాతీకి ఆనించింది. బస్సులో జనం అంతా చూస్తున్నారు. కండక్టరు కూడా విజిల్ వేయకుండా నిలబడ్డాడు.

ఆ తరువాత పొద్దుగూకేదాకా ఇద్దరూ పోట్లాడుకున్నారు. నువ్వు రావాలె అని అతను, రాను అని ఆమె. చివరికి తేలిందేమంటే, వానాకాలంలో కొండదారులు ఎటూ మూసుకుపోతాయి కాబట్టి ఆ నెలలు ఇల్లందులో, వానలు తగ్గాక మళ్లీ ఇక్కడ. సాప మూలన వేస్తే మాత్రం మరునాడే బస్సెక్కుతానని ఆమె షరతు. రేపు వాళ్లతోపాటే బయలుదేరుతున్నాను. కొత్తగూడెంలో దిగి డ్యూటీలో చేరతాను.

సారంగపాణి

*

ఇల్లందు,
20 ఆగస్టు 1979

చిరంజీవి సారంగపాణికి,

గనిలో నిన్ను మార్చిన కొత్త సెక్షను ఎట్లా ఉంది? తిండి సరిగా తింటున్నావా? ఆదివారం వస్తానని రాలేదు, సరే.

ఇక్కడ ముత్తక్క మా లైనును తలకిందులు చేసింది. మొదటి వారం ఆడవాళ్లందరూ వచ్చి అయ్యో అయ్యో అన్నారు. ఆమె విని, "మీ ఇండ్లల్ల రుబ్బురోళ్లు నున్నగైనయి, పిండి ముతకగ పడుతుంది, అది ముందు చూసుకోండ్రి" అంది. మర్నాటి నుంచి పిచ్చయ్య ఇంటి ముందు రోళ్ల వరస. అయ్యో అనేవాళ్లు ఎవరూ లేరు ఇప్పుడు, నాది ఎప్పుడు అని అడిగేవాళ్లే. పిచ్చయ్య డ్యూటీ దిగి వచ్చి పక్కన కూర్చుని ఉలులకు పదును పెడతాడు. చాలా ఏండ్ల తరువాత పట్టినా చెయ్యి మరిచిపోలేదట. అతని భార్యకూ ఈమెకూ రోజూ ఒక చిన్న గొడవ. ఉప్పు మీద. అది మామూలే.

నేను సాయంత్రమైతే అక్కడే ఉంటున్నాను. నీకు రాసిన ప్రశ్నలన్నీ ఇప్పుడు ఆమెను అడుగుతున్నాను. వాగు దాటేటప్పుడు చీర ఏం చేస్తావు? జ్వరం వస్తే ఎవరు చూస్తారు? అడవిలో ఒక్కదానివి, భయం లేదా? ఆమె కొన్నిటికి చెప్పింది, కొన్నిటికి విసుక్కుంది. నిన్న మాత్రం ఉలి ఆపి నా వైపు తిరిగి, "ఎంతసేపు అడుగుతవమ్మా? వచ్చి చూడరాదు?" అంది.

నవ్వి ఊరుకున్నాను. ఇంటికి వచ్చి మీ బావకు నవ్వుతూ చెప్పాను. ఆయన నవ్వలేదు. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, "పోతవా ఏంది?" అన్నాడు.

నేను అప్పటిదాకా పోవాలని అనుకోలేదు. ఆయన అడిగాక నిద్ర పట్టలేదు.

వెంకమ్మ

*

డొంకరాయి పైన,
13 డిసెంబరు 1979

చిరంజీవి సారంగపాణికి, కొత్తగూడెం.

అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు, చలికి వేళ్లు వంగడం లేదు. ఒళ్లో పళ్లెం బోర్లించి దాని మీద రాస్తున్నాను.

మోతుగూడెం దాకా పిచ్చయ్య మాతో బస్సులో వచ్చాడు. సంతలో రెండు రోజులు ముత్తక్క పక్కన కూర్చుని పనిచేసి, తిరుగు బస్సెక్కాడు. సంక్రాంతి దాటాక మళ్లీ వస్తాడట. పోయినసారి సగంలో వదిలిన తిరగలి ఉందని ముత్తక్క ఈసారి ముందు కొండ మీదికే అంది, అక్కడి నుంచి మేమిద్దరం నడక. మొదటి రెండు రోజులు నేను ఇంటికి పోతానని ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను, నీకు తప్ప ఎవరికీ చెప్పకు. ముత్తక్క బతిమాలలేదు. "పోతే పో, దారి గదే" అని వెనక్కి చూపించి, తన దారిన తాను నడిచింది. నేను కాసేపు నిలబడి, ఆమె వెనకే పోయాను. మూడో రోజు నుంచి కాళ్లు నా మాట వింటున్నాయి.

నువ్వు కొండల గురించి రాసినవన్నీ నిజమే కాని, పొద్దున లోయలో పరుచుకునే పొగమంచు గురించి ఎందుకు రాయలేదు? ఎండాకాలంలో ఉండదేమో. ఇవాళ తెల్లవారి చూస్తే సీలేరు లేదు, లోయ లేదు, కింద అంతా తెల్లగా, అందులో కొండ శిఖరాలు మాత్రం విడివిడిగా తేలుతున్నాయి. ముత్తక్క పళ్లు తోముకుంటోంది. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. ఆమె ఒక్కొక్క శిఖరం పేరు చెప్పింది. ఆ కొన మీద ఎవరుంటారో, ఎవరి ఇంట్లో కూర బాగుంటుందో, ఎవరి తిరగలి ఎప్పుడూ తొందరగా అరుగుతుందో కూడా చెప్పింది. బాగా దూరాన ఒకటి మిగిలింది. దాని పేరు చెప్పలేదు.

"అదేంది?" అన్నాను.

"ఏమో. అటు నేను గూడ పోలె."

"ఇన్నేండ్లు తిరిగి?"

"ఆ ఊళ్లోళ్లు ఎన్నడు పిలువలె. పని లేని కాడికి ఎందుకు పోతం?"

నేను దానివైపే చూస్తూ కూర్చున్నాను. సూర్యుడు పైకి వచ్చాడు, మంచు కొంచెం కొంచెంగా విడిపోతోంది. ఆ కొండ ఇవతలి వాలు మీద సన్నగా పొగ లేస్తోంది. అంటే మనుషులు ఉన్నారు. పొయ్యి ఉంది అంటే తిరగలి కూడా ఉంటుంది కదా. అదే మాట పైకి అన్నాను.

ముత్తక్క నోరు పుక్కిలించి ఊసి, చెయ్యి అడ్డం పెట్టుకుని అటు చూసింది.  "మూడు రోజులు పట్టుద్దేమో" అంది.

తమ్ముడూ, నా లెక్క ప్రకారం అది నువ్వు పోలేకపోయిన ధారకొండ వైపు. రేపు తెల్లవారి బయలుదేరుతున్నాం. అవతల ఏముందో చూసి రాస్తాను. మీ బావకు చెప్పు, నా పాదాలు బాగున్నాయి.

వెంకమ్మ